భాగం 11: నీటి కాసుల వ్యాధి – అవగాహన, నిర్ధారణ పద్ధతులు

విషయక్రమం

11.0 లక్ష్యాలు
11.1 ఉపోద్ఘాతం
11.2 కంటిలో ద్రవ ప్రసరణ, పీడనం
11.3 దృక్ నాడికి జరిగే నష్టం
11.4 గ్లాకోమా రకాలు
11.5 ఎవరికి ముప్పు ఎక్కువ?
11.6 వ్యాధి నిర్ధారణ పరీక్షలు
11.7 ఫలితాలను కలిపి చదవడం
11.8 నిర్ధారణ తరువాత
11.9 సారాంశం
11.10 కీలక పదాలు
11.11 మీ ప్రగతిని సమీక్షించుకోండి – సమాధానాలు
11.12 నమూనా పరీక్షా ప్రశ్నలు

11.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:

• కంటిలో పీడనం ఎలా ఏర్పడుతుందో, ఎందుకు పెరుగుతుందో వివరించగలుగుతారు.
• గ్లాకోమాలో రోగికి చాలాకాలం ఏ బాధా తెలియకపోవడానికి కారణాలు చెప్పగలుగుతారు.
• గ్లాకోమా ముఖ్య రకాల మధ్య భేదాన్ని గుర్తించగలుగుతారు.
• నిర్ధారణకు వాడే ఒక్కొక్క పరీక్ష ఏం చెబుతుందో, ఏం చెప్పలేదో వివరించగలుగుతారు.
• కంటి పీడనం అంకె ఒక్కదానితో వ్యాధిని నిర్ధారించడం, లేదనడం ఎందుకు సరికాదో తెలుసుకోగలుగుతారు.

11.1 ఉపోద్ఘాతం

గత భాగంలో శుక్లాల గురించి తెలుసుకున్నారు. శుక్లం వల్ల పోయిన చూపు శస్త్రచికిత్సతో చాలావరకు తిరిగి వస్తుంది. ఈ భాగంలో చదవబోయే వ్యాధిలో అలా జరగదు. గ్లాకోమాలో ఒకసారి పోయిన చూపు మందులతో గాని, లేజర్‌తో గాని, శస్త్రచికిత్సతో గాని తిరిగి రాదు. ఉన్న చూపును నిలుపుకోవడం మాత్రమే సాధ్యం. ప్రపంచంలో తిరిగి రాని అంధత్వానికి ప్రధాన కారణం ఇదే.

గ్లాకోమాను తెలుగులో నీటి కాసులు అంటారు. ఈ పేరును విని కొందరు కళ్ల నుంచి నీరు కారే జబ్బు అనుకుంటారు. అది పొరపాటు. ఇక్కడ నీరు అంటే కన్నీరు కాదు, కంటి లోపల ప్రసరించే ద్రవం. మరికొందరు దీనిని శుక్లంగా భావించి ‘ముదిరిన తరువాత ఆపరేషన్ చేయించుకుందాం’ అని ఆగుతారు. శుక్లం విషయంలో కొన్ని నెలలు ఆగినా సాధారణంగా పెద్ద నష్టం ఉండదు. గ్లాకోమా విషయంలో ఆగిన ప్రతి నెలా కొంత చూపును శాశ్వతంగా తీసుకుపోవచ్చు.

2010లో ప్రచురితమైన ఒక అంచనా ప్రకారం మన దేశంలో 40 ఏళ్లు దాటినవారిలో సుమారు 1.12 కోట్ల మందికి గ్లాకోమా ఉంది. వీరిలో ఎందరికి తమకు ఆ వ్యాధి ఉన్నట్లు తెలుసు? హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ కంటి వైద్య సంస్థ 1996–2000 మధ్య ఉమ్మడి రాష్ట్రంలో ఒక విస్తృత నేత్రవ్యాధుల అధ్యయనం నిర్వహించింది. హైదరాబాద్ నగరంతో పాటు పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల ప్రజలను అందులో పరీక్షించారు. హైదరాబాద్ నగరంలో ఓపెన్ యాంగిల్ గ్లాకోమా ఉన్నట్లు తేలినవారిలో తొంభై శాతానికి పైగా మందికి ఆ పరీక్ష జరిగేవరకు తమ వ్యాధి సంగతి తెలియదు. అంటే పదిమంది రోగుల్లో తొమ్మిదిమంది చికిత్స లేకుండానే చూపు కోల్పోతూ ఉన్నారన్నమాట. అందుకే గ్లాకోమా అధ్యయనంలో నిర్ధారణకు అంత ప్రాధాన్యం ఉంది.

11.2 కంటిలో ద్రవ ప్రసరణ, పీడనం

కంటికి ముందున్న పారదర్శకమైన పొర కార్నియా. దాని వెనుక ఐరిస్ అనే రంగు పొర, ఐరిస్ మధ్యలో కంటిపాప అనే రంధ్రం, దాని వెనుక కటకం ఉంటాయి. కార్నియాకు, కటకానికి మధ్య ఉన్న స్థలాన్ని నేత్రోదక కక్ష్య అని పాఠశాల తరగతుల్లో చదివారు. ఆ కక్ష్యలో ఉండే పలుచని ద్రవమే నేత్రోదకం. కార్నియాకు, కటకానికి రక్తనాళాలు లేవు. కాబట్టి వాటికి పోషకాలను అందించేది ఈ ద్రవమే.

ఐరిస్ వెనుక ఉండే సిలియరీ భాగం నిమిషానికి సుమారు 2.5 మైక్రోలీటర్ల నేత్రోదకాన్ని తయారుచేస్తుంది. అది కంటిపాప గుండా ముందుకు వచ్చి, కార్నియా, ఐరిస్ కలిసే మూలకు చేరుతుంది. ఈ మూలనే కోణం అంటారు. అక్కడ జల్లెడ వంటి కణజాలం ఉంటుంది. నేత్రోదకంలో ఎక్కువ భాగం ఆ జల్లెడ గుండా ఒక సన్నని కాలువలోకి, అక్కడి నుంచి రక్తంలోకి వెళ్లిపోతుంది.

ద్రవం తయారయ్యే వేగం, బయటకు పోయే వేగం సమానంగా ఉన్నంతకాలం కంటి పీడనం నిలకడగా ఉంటుంది. జల్లెడ మూసుకుపోయినా, జల్లెడ దగ్గరకు దారి మూసుకుపోయినా పీడనం పెరుగుతుంది. ఇంటి పైకప్పు మీది నీటి ట్యాంకు నుంచి నీరు పోయే గొట్టానికి అడ్డుపడే సందర్భాలు కూడా ఇలాగే రెండు ఉంటాయి. గొట్టం లోపలే మట్టి పేరుకోవడం ఒకటి, గొట్టం మూతికి బయటి నుంచి ఏదో వచ్చి అతుక్కోవడం రెండోది. గ్లాకోమాలోని రెండు ప్రధాన రకాలకు ఇదే మూలం.

కంటి పీడనాన్ని పాదరస మిల్లీమీటర్లలో కొలుస్తారు. 10 నుంచి 21 మి.మీ. వరకు సాధారణ పరిధి అంటారు. అయితే ఈ 21 అనే అంకె ఎలా వచ్చిందో విద్యార్థి తెలుసుకోవాలి. వేలమంది ఆరోగ్యవంతుల పీడనాన్ని కొలిచి, అత్యధికుల అంకెలు ఏ పరిధిలో ఉన్నాయో చూసి వేసిన గణాంక సరిహద్దు ఇది. దీనికి ఇవతల ఉన్న కన్ను క్షేమమని గాని, అవతల ఉన్న కన్ను దెబ్బతింటుందని గాని దీని అర్థం కాదు.

11.3 దృక్ నాడికి జరిగే నష్టం

కంటి వెనుక గోడను రెటీనా కప్పి ఉంటుంది. దానిలోని నాడీకణాల నుంచి సుమారు పది పన్నెండు లక్షల సన్నని తంతువులు బయలుదేరి, ఒకచోట కట్టగా కలిసి, దృక్ నాడిగా మెదడుకు వెళతాయి. అవి కన్ను దాటే గుండ్రని చోటును దృక్ నాడి శీర్షం అంటారు. దాని మధ్యలో సహజంగానే చిన్న గుంట ఉంటుంది. గుంట చుట్టూ ఉండే గులాబీ రంగు అంచు తంతువులతో నిండి ఉంటుంది.

గ్లాకోమా అంటే ఈ తంతువులు క్రమంగా నశించడం. తంతువులు తగ్గేకొద్దీ అంచు సన్నబడుతుంది, మధ్య గుంట పెద్దదవుతుంది. పీడనం ఈ నష్టానికి అతిముఖ్యమైన కారణం. అంతేకాక, మనం అదుపుచేయగలిగిన కారణం కూడా ఇదే. కానీ వ్యాధి స్థానం మాత్రం దృక్ నాడే. కొందరి నాడి 26 మి.మీ. పీడనాన్ని ఏళ్ల తరబడి తట్టుకుంటుంది. మరికొందరి నాడి 15 దగ్గరే దెబ్బతింటుంది.

రోగికి ఈ నష్టం ఎందుకు తెలియదు? దీనికి మూడు కారణాలు ఉన్నాయి. మొదటిది, సాధారణ రకంలో నొప్పి ఉండదు. రెండోది, నష్టం మధ్య చూపుతో కాక దాని చుట్టూ ఉన్న చూపుతో మొదలవుతుంది. అందువల్ల రోగి చివరి దశ వరకు పేపరు చదవగలడు, సూదిలో దారం ఎక్కించగలడు. మూడోది, ఒక కంటిలోని లోపాన్ని రెండో కన్ను పూడుస్తుంది. మిగిలిన ఖాళీని మెదడు చుట్టుపక్కల దృశ్యంతో నింపేస్తుంది. ఈ మూడో కారణాన్ని మీరే స్వయంగా అనుభవించి చూడవచ్చు.

కృత్యం: తెల్ల కాగితం మీద ఎడమవైపు ఒక కూడిక గుర్తు, దానికి కుడివైపు 8 సెంటీమీటర్ల దూరంలో ఒక నల్లచుక్క పెట్టండి. ఎడమ కన్ను మూసి, కుడి కంటితో కూడిక గుర్తునే చూస్తూ కాగితాన్ని నెమ్మదిగా ముందుకు, వెనుకకు కదపండి. సుమారు 30 సెంటీమీటర్ల దూరంలో నల్లచుక్క మాయమవుతుంది. దృక్ నాడి శీర్షం దగ్గర వెలుగును గ్రహించే కణాలు లేకపోవడమే దీనికి కారణం. దీనినే అంధ చుక్క అంటారు. ఇప్పుడు ఒక విషయం గమనించండి. చుక్క పోయినచోట మీకు నల్లని రంధ్రం కనిపించలేదు, తెల్ల కాగితమే కనిపించింది. గ్లాకోమా రోగి కూడా తన చూపులోని ఖాళీలను ఇలాగే గుర్తించలేడు. ఈ కృత్యం అర్థం చేసుకోవడానికే. ఇది గ్లాకోమా పరీక్ష కాదు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – I

గమనిక: మీ సమాధానాలను నోటు పుస్తకంలో రాసి, 11.11లోని సమాధానాలతో సరిచూసుకోండి.

1. నేత్రోదకం ఎక్కడ తయారవుతుంది? ఎక్కడి నుంచి బయటకు పోతుంది?
2. చూపు పటంలో చివరి వరుస చదవగలిగిన వ్యక్తికి గ్లాకోమా ఉండవచ్చా? ఎందుకు?

11.4 గ్లాకోమా రకాలు

ఓపెన్ యాంగిల్ గ్లాకోమా: ఇందులో కోణం తెరుచుకునే ఉంటుంది, కానీ జల్లెడలో నిరోధం పెరుగుతుంది. నొప్పి, ఎరుపు ఉండవు. సంవత్సరాల తరబడి నెమ్మదిగా సాగుతుంది. పీడనం ఎప్పుడు కొలిచినా సాధారణ పరిధిలోనే ఉంటూ నాడి దెబ్బతినే రకాన్ని నార్మల్ టెన్షన్ గ్లాకోమా అంటారు.

యాంగిల్ క్లోజర్ గ్లాకోమా: ఇందులో ఐరిస్ ముందుకు జరిగి కోణాన్ని మూసివేస్తుంది. ముందు గది లోతు తక్కువగా ఉన్న చిన్న కళ్లలో, వయసుతో కటకం మందమైనప్పుడు ఇది వస్తుంది. ఆసియా దేశాల ప్రజల్లో, అందులోనూ స్త్రీలలో ఎక్కువ. కోణం హఠాత్తుగా మూసుకుపోతే తీవ్రమైన కంటినొప్పి, ఎరుపు, చూపు మసకబారడం, దీపాల చుట్టూ రంగుల వలయాలు, తలనొప్పి, వాంతులు వస్తాయి. తలనొప్పి, వాంతులు ముందుకు రావడం వల్ల దీనిని పార్శ్వపు నొప్పిగానో, కడుపు జబ్బుగానో పొరబడే ప్రమాదం ఉంది. ఇది అత్యవసర స్థితి. గంటల్లో చికిత్స అందకపోతే చూపు పోవచ్చు. అయితే ఈ రకంలో కూడా ఎక్కువమందిలో కోణం ఏ బాధా లేకుండా కొద్దికొద్దిగా మూసుకుంటుందని గుర్తుంచుకోవాలి.

ఇతర కారణాల వల్ల వచ్చే గ్లాకోమా: కంటికి దెబ్బ తగలడం, కంటిలో వాపు, బాగా ముదిరిన శుక్లం, మధుమేహం వల్ల ఏర్పడే కొత్త రక్తనాళాలు, స్టిరాయిడ్ మందులు ఇందుకు కారణమవుతాయి. వీటిలో పూర్తిగా నివారించదగినది స్టిరాయిడ్ల వల్ల వచ్చేది. కళ్ల దురదకు వైద్యుడు వారం రోజులకు రాసిన చుక్కల మందు హాయిగా ఉందని, అదే చీటీతో మందుల దుకాణంలో కొని నెలల తరబడి వాడేవారు మన ఊళ్లలో కనిపిస్తారు. వారిలో పిల్లలు కూడా ఉంటారు.

పుట్టుకతో వచ్చే గ్లాకోమా: శిశువు కళ్లు మామూలుకంటె పెద్దవిగా ఉండడం, కార్నియా తెల్లబారడం, వెలుతురు చూడలేకపోవడం, నీరు కారడం దీని లక్షణాలు. ‘బిడ్డవి పెద్ద కళ్లు’ అని మురిసిపోయి ఆలస్యం చేయకుండా వెంటనే కంటి వైద్యునికి చూపించాలి. దీనికి సాధారణంగా శస్త్రచికిత్స అవసరమవుతుంది.

11.5 ఎవరికి ముప్పు ఎక్కువ?

• 40 ఏళ్లు దాటినవారు. వయసుతో ముప్పు పెరుగుతూ పోతుంది.
• తల్లిదండ్రులు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లలో ఎవరికైనా గ్లాకోమా ఉన్నవారు.
• కంటి పీడనం ఎక్కువగా ఉన్నవారు, కార్నియా పలుచగా ఉన్నవారు.
• ఎక్కువ మైనస్ పవరు అద్దాలు వాడేవారు ఓపెన్ యాంగిల్ రకానికి, ప్లస్ పవరు ఉన్న చిన్న కళ్లవారు యాంగిల్ క్లోజర్ రకానికి.
• స్టిరాయిడ్లను చుక్కలు, మాత్రలు, పీల్చే మందులు, పూత మందులు మొదలైన ఏ రూపంలోనైనా దీర్ఘకాలం వాడేవారు.
• గతంలో కంటికి దెబ్బ తగిలినవారు, మధుమేహం ఉన్నవారు.

ఆరోగ్య కార్యకర్తలు ఈ జాబితాలో రెండో అంశాన్ని ప్రత్యేకంగా ఉపయోగించుకోవచ్చు. ఒక రోగిని గుర్తించినప్పుడు ఆ కుటుంబంలో తోడబుట్టినవారిని, పెద్దవయసు పిల్లలను పరీక్షకు పంపితే, దారిన పోయే పదిమందిని పరీక్షించడంకంటె ఎక్కువ ఫలితం ఉంటుంది.

11.6 వ్యాధి నిర్ధారణ పరీక్షలు

గ్లాకోమాకు ‘ఉంది’, ‘లేదు’ అని చెప్పే ఒకే పరీక్ష లేదు. ఒక్కొక్క పరీక్ష ఒక్కొక్క ప్రశ్నకు జవాబిస్తుంది.

11.6.1 రోగి చరిత్ర, చూపు పరీక్ష

కుటుంబ చరిత్ర, వాడిన మందులు, ఉబ్బసం, గుండె జబ్బుల వివరాలు ముందుగా అడగాలి. తరువాత చూపు పటంతో పరీక్షిస్తారు. తెలంగాణలో 2018లో మొదలైన కంటి వెలుగు వంటి కార్యక్రమాలు ఇంటి దగ్గరే చూపు పరీక్ష చేసి, అద్దాలు అవసరమైనవారిని, శుక్లాలు ఉన్నవారిని పెద్ద సంఖ్యలో గుర్తించగలవు. కానీ చూపు పటం కొలిచేది మధ్య చూపును మాత్రమే. కాబట్టి 6/6 వచ్చినంత మాత్రాన గ్లాకోమా లేదని చెప్పకూడదు.

11.6.2 కంటి పీడనం కొలవడం

పీడనం కొలిచే సాధనాన్ని టోనోమీటరు అంటారు. 1950లలో హాన్స్ గోల్డ్‌మన్ రూపొందించిన సాధనం ఇప్పటికీ ప్రామాణికంగా ఉంది. కంటికి మత్తు చుక్కలు, రంగు మందు వేసి, నీలి కాంతిలో చూస్తూ, చిన్న మొనను కార్నియాకు తాకిస్తారు. కార్నియాపై 3.06 మి.మీ. వ్యాసం గల భాగాన్ని చదును చేయడానికి పట్టిన బలాన్ని బట్టి పీడనం తెలుస్తుంది. గాలి ఊది కొలిచే సాధనంలో కంటిని తాకనవసరం లేదు. ఇది ప్రాథమిక పరీక్షకు అనువైనది. దానిలో ఎక్కువ వచ్చిన అంకెను గోల్డ్‌మన్ సాధనంతో సరిచూడాలి.

పీడనం రోజంతా ఒకేలా ఉండదు. ఆరోగ్యవంతుల్లో కూడా ఒకే రోజులో 3 నుంచి 6 మి.మీ. వరకు తేడా రావచ్చు. గ్లాకోమా రోగుల్లో ఈ తేడా ఇంకా ఎక్కువగా ఉంటుంది. బిగుతైన కాలరు, ఊపిరి బిగబట్టడం, కళ్లు గట్టిగా మూయడం కూడా అంకెను పెంచుతాయి. కాబట్టి వేరువేరు సమయాల్లో తీసిన అంకెలే నమ్మదగినవి, వాటి పక్కన సమయాన్ని తప్పక రాయాలి. అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో జరిగిన అధ్యయనంలో గ్లాకోమా ఉన్న కళ్లలో దాదాపు సగం మొదటి కొలతలో 21 లోపే ఉన్నాయి. పీడనం మాత్రమే చూసి పంపేసి ఉంటే ఆ సగం మందికి ‘మీకేమీ లేదు’ అనే తప్పుడు భరోసా దక్కి ఉండేది.

11.6.3 కార్నియా మందం

కార్నియా పలుచగా ఉంటే సులభంగా చదునవుతుంది కాబట్టి టోనోమీటరు అసలుకంటె తక్కువ చూపిస్తుంది. మందంగా ఉంటే ఎక్కువ చూపిస్తుంది. అందువల్ల అల్ట్రాసౌండు వంటి పద్ధతితో మందాన్ని కొలుస్తారు. సగటు మందం సుమారు 520 నుంచి 550 మైక్రాన్లు. మందాన్ని బట్టి పీడనానికి ఇంత కలపాలి, ఇంత తీసివేయాలి అనే సర్వసమ్మతమైన సూత్రం లేదు. అంకెను ఎంత నమ్మాలో చెప్పడానికే ఈ కొలత పనికివస్తుంది.

11.6.4 గోనియోస్కోపీ

కోణం తెరుచుకుని ఉందా, మూసుకుందా అనేది తెలిస్తేనే గ్లాకోమా రకం తెలుస్తుంది. కానీ కోణం నుంచి వచ్చే కాంతి కార్నియా లోపలే పూర్తిగా పరావర్తనం చెందడం వల్ల వైద్యుడు దానిని నేరుగా చూడలేడు. అద్దాలు అమర్చిన ప్రత్యేక కటకాన్ని మత్తు చుక్కలు వేసిన కంటిపై ఆనించి చూస్తారు. ఈ పరీక్షే గోనియోస్కోపీ. రెండు మూడు నిమిషాల పని. దీనిని వదిలేస్తే యాంగిల్ క్లోజర్ రోగిని ఓపెన్ యాంగిల్ రోగిగా పొరబడి, అవసరమైన లేజర్ చేయకుండా చుక్కల మందుతోనే సరిపెట్టే ప్రమాదం ఉంది. కంటిపాపను పెద్దది చేసే మందు వేయడానికి ముందే కోణాన్ని చూడాలి.

పరికరాలు లేనిచోట ఆరోగ్య కార్యకర్త టార్చిలైటుతో ఒక సూచన పొందవచ్చు. చెవివైపు నుంచి ఐరిస్‌కు సమాంతరంగా వెలుగు వేసినప్పుడు ఐరిస్ అంతా వెలిగితే ముందు గది లోతుగా ఉన్నట్లు. ముక్కువైపు సగంపై నీడ పడితే లోతు తక్కువని అనుమానించి వైద్యుని వద్దకు పంపాలి. ఇది గోనియోస్కోపీకి ప్రత్యామ్నాయం కాదు.

11.6.5 దృక్ నాడి శీర్షాన్ని పరిశీలించడం

1851లో హెల్మ్‌హోల్ట్జ్ ఆప్తాల్మోస్కోపును పరిచయం చేసిన తరువాతే వైద్యులు బతికి ఉన్న మనిషి కంటిలోని దృక్ నాడిని చూడగలిగారు. నేటికీ గ్లాకోమా నిర్ధారణలో ఇదే కీలకమైన మెట్టు. కంటిపాపను పెద్దది చేసి, స్లిట్ ల్యాంపు దగ్గర కటకంతో నాడిని చూస్తారు. ముఖ్యంగా గమనించేవి:

• గుంట, శీర్షాల నిష్పత్తి: గుంట నిలువు వ్యాసాన్ని శీర్షం నిలువు వ్యాసంతో పోలుస్తారు. 0.6, 0.7 దాటితే అనుమానించాలి. అయితే శీర్షమే పెద్దదైతే గుంట కూడా సహజంగా పెద్దదిగా ఉంటుంది.
• రెండు కళ్ల మధ్య తేడా: నిష్పత్తిలో 0.2 లేదా అంతకంటె ఎక్కువ తేడా ఉంటే అనుమానించాలి.
• అంచు మందం: సాధారణంగా అంచు కిందివైపు అన్నిటికంటె మందంగా, తరువాత పైవైపు, ఆ తరువాత ముక్కువైపు, చెవివైపు అన్నిటికంటె సన్నగా ఉంటుంది. కింద గాని, పైన గాని అంచు కోసుకుపోయినట్లు ఉంటే అది గ్లాకోమా గుర్తు.
• శీర్షం అంచున నిప్పురవ్వ వంటి చిన్న రక్తస్రావం: ఇది వ్యాధి ముందుకు సాగుతోందనే సూచన.

11.6.6 దృష్టి క్షేత్ర పరీక్ష

కన్ను కదపకుండా ఒకేచోట చూస్తున్నప్పుడు చుట్టూ ఎంతమేర కనిపిస్తుందో అదే దృష్టి క్షేత్రం. దీనిని కొలవడాన్ని పెరిమెట్రీ అంటారు. రోగి ఒక కన్ను మూసుకుని, గిన్నె ఆకారపు తెర మధ్యనున్న దీపాన్నే చూస్తూ, చుట్టూ ఎక్కడైనా చిన్న వెలుగు కనిపించినప్పుడల్లా మీట నొక్కాలి. ఎక్కడెక్కడ ఎంత మసక వెలుగును గుర్తించగలిగాడో యంత్రం పటం గీస్తుంది.

గ్లాకోమా లోపాలకు ఒక తీరు ఉంటుంది. ముక్కువైపు మెట్టులాంటి లోపం, అంధ చుక్క నుంచి విల్లులా వంగే లోపం ముఖ్యమైనవి. రెటీనాపై బొమ్మ తలకిందులుగా పడుతుంది కాబట్టి నాడి అంచు కింద పోతే క్షేత్రంలో లోపం పైన కనిపించాలి. నాడిలో చూసినది, క్షేత్రంలో వచ్చినది ఇలా ఒకదానితో ఒకటి సరిపోతే నిర్ధారణకు బలం చేకూరుతుంది.

ఈ పరీక్ష రోగి శ్రద్ధపై ఆధారపడుతుంది. చాలామంది మొదటిసారి సరిగా చేయలేరు. వెలుగు రాకుండానే మీట నొక్కడం, చూపు పక్కకు తిప్పడం, మధ్యలో అలసిపోవడం సహజం. అందువల్ల మొదటి లోపాన్ని మరోసారి పరీక్షించి ధ్రువపరచుకోవాలి. పరీక్ష చేసేవారు రోగికి అతని భాషలో ముందుగా ఇలా చెప్పాలి: ‘అన్ని వెలుగులూ మీకు కనిపించవు, కనిపించనవసరం లేదు. ఇది పోటీ కాదు. రెప్ప ఆర్పవచ్చు. చూపు మాత్రం మధ్య దీపం మీదే ఉంచండి.’ ఈ నాలుగు మాటలు చెప్పకపోవడం వల్లనే ఎన్నో పటాలు పనికిరాకుండా పోతాయి.

11.6.7 ఓ.సి.టి.

కాంతి సాయంతో రెటీనా పొరల అడ్డుకోతను చూపే పరీక్ష ఇది. నాడి తంతువుల పొర మందాన్ని మైక్రాన్లలో కొలిచి, అదే వయసు ఆరోగ్యవంతుల కొలతలతో పోల్చి ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగుల్లో చూపుతుంది. క్షేత్రంలో లోపం కనబడేసరికి నాడీకణాల్లో పావువంతు నుంచి మూడోవంతు వరకు నశించి ఉండవచ్చు. కాబట్టి తొలిదశలో ఈ పరీక్ష ఎంతో ఉపయోగం. అయితే ఎరుపు రంగు అంటే వ్యాధి అని కాదు. ఎక్కువ మైనస్ పవరు ఉన్న పొడవాటి కళ్లలో వ్యాధి లేకపోయినా ఎరుపు రావచ్చు. బాగా ముదిరిన దశలో పొర మందం ఒక స్థాయి కిందికి తగ్గదు. ఆ దశలో మార్పును చెప్పగలిగేది క్షేత్ర పరీక్షే.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – II

3. కార్నియా పలుచగా ఉన్న వ్యక్తిలో పీడనం కొలత ఎలా మారుతుంది?
4. గోనియోస్కోపీ చేయకపోతే జరిగే పొరపాటు ఏమిటి?
5. నాడి అంచు కిందివైపు నశిస్తే దృష్టి క్షేత్రంలో లోపం ఎక్కడ కనిపిస్తుంది?

11.7 ఫలితాలను కలిపి చదవడం

పైన చదివిన పరీక్షలను ఊహించిన నాలుగు ఉదాహరణలకు అన్వయించి చూద్దాం.

మొదటి వ్యక్తి: పీడనం 25, కార్నియా 600 మైక్రాన్లు, కోణం తెరుచుకుంది, నాడి, క్షేత్రం మామూలుగా ఉన్నాయి. ఇది గ్లాకోమా కాదు. పీడనం ఎక్కువగా ఉన్న స్థితి మాత్రమే. మందమైన కార్నియా వల్ల కూడా అంకె కొంత పెరిగి ఉండవచ్చు. అమెరికాలో ఇటువంటి 1,600 మందికి పైగా వ్యక్తులపై జరిగిన అధ్యయనం ఫలితాలు 2002లో వెలువడ్డాయి. చికిత్స తీసుకోనివారిలో 9.5 శాతం మందికి, తీసుకున్నవారిలో 4.4 శాతం మందికి ఐదేళ్లలో గ్లాకోమా వచ్చింది. దీన్నిబట్టి రెండు విషయాలు తెలుస్తాయి. పీడనం తగ్గించడం ముప్పును సగానికి పైగా తగ్గిస్తుంది. అయినా చికిత్స లేకపోయినా పదిమందిలో తొమ్మిదిమంది ఐదేళ్లు క్షేమంగానే ఉన్నారు. కాబట్టి అందరికీ మందులు అవసరం లేదు, అందరికీ క్రమంతప్పని పరీక్షలు అవసరం.

రెండో వ్యక్తి: పీడనం 16, కార్నియా 490 మైక్రాన్లు, నిష్పత్తి 0.8, కింది అంచు కోసుకుపోయింది, క్షేత్రంలో పైవైపు విల్లులాంటి లోపం రెండుసార్లూ వచ్చింది, కోణం తెరుచుకుంది. పీడనం మామూలుగా ఉన్నా ఇది గ్లాకోమా. చికిత్స మొదలుపెట్టాలి.

మూడో వ్యక్తి: 58 ఏళ్ల స్త్రీ. పీడనం 18, నాడి, క్షేత్రం బాగున్నాయి, గోనియోస్కోపీలో కోణం చాలావరకు ఇరుకుగా ఉంది. ఇంకా వ్యాధి రాలేదు, కానీ కోణం మూసుకుపోయే ముప్పు ఉంది. ఐరిస్‌లో లేజర్‌తో చిన్న రంధ్రం చేయాలా, గమనిస్తూ ఉండాలా అనేది వైద్యుడు నిర్ణయిస్తాడు.

నాలుగో వ్యక్తి: మైనస్ 8 పవరు ఉన్న యువకుడు. ఓ.సి.టి.లో ఎరుపు వచ్చింది, పీడనం 14, క్షేత్రం మామూలుగా ఉంది. రంగు చూసి వ్యాధి అనకూడదు. నేటి కొలతలను ఆధారంగా భద్రపరచి, కాలక్రమంలో మారుతున్నాయా అని చూడాలి.

ఈ నలుగురిలో పీడనం మాత్రమే చూసి ఉంటే వ్యాధి లేని మొదటి వ్యక్తికి వ్యాధి అంటగట్టి, వ్యాధి ఉన్న రెండో వ్యక్తిని ఇంటికి పంపేవాళ్లం. ఈ భాగంలో మీరు గుర్తుంచుకోవలసిన ప్రధాన విషయం ఇదే.

11.8 నిర్ధారణ తరువాత

చికిత్స లక్ష్యం పీడనాన్ని ఆ కంటికి క్షేమమైన స్థాయికి తగ్గించడం. దీనికి చుక్కల మందులు, లేజర్, శస్త్రచికిత్స అనే మూడు మార్గాలు ఉన్నాయి. ఉబ్బసం ఉన్నవారికి టిమోలాల్ చుక్కలు ప్రమాదకరం కావచ్చు. అందుకే చరిత్ర తీసుకునేటప్పుడే ఆ సంగతి అడగాలి. చుక్క వేసుకున్న తరువాత కన్ను మూసి, ముక్కు పక్కన కంటి మూలను ఒకటి రెండు నిమిషాలు వేలితో నొక్కి ఉంచితే మందు శరీరంలోకి పోవడం తగ్గుతుంది. రెండు రకాల చుక్కల మధ్య కనీసం ఐదు నిమిషాల వ్యవధి ఉండాలి.

చుక్కలు వేసుకున్నా చూపు మెరుగుపడదు. మానేసినా వెంటనే ఏ బాధా తెలియదు. ఖర్చు మాత్రం ప్రతి నెలా తెలుస్తుంది. ఈ మూడూ కలిసి ఎందరో రోగులు మధ్యలో మందు మానేయడానికి కారణమవుతున్నాయి. కాబట్టి మొదటిరోజే రోగికి, ఇంట్లోవారికి సూటిగా చెప్పాలి: ‘ఈ మందు పోయిన చూపును తేదు. ఉన్న చూపును కాపాడుతుంది. బీపీ మందులాగా జీవితాంతం వాడాలి.’ పాత క్షేత్ర పటాలను, ఓ.సి.టి. కాగితాలను ఒక ఫైలులో దాచి ప్రతిసారీ తీసుకురమ్మని కూడా చెప్పాలి. వ్యాధి నిలకడగా ఉందా, సాగుతోందా అనేది పాత పటంతో పోల్చినప్పుడే తెలుస్తుంది.

11.9 సారాంశం

గ్లాకోమా దృక్ నాడి తంతువులు క్రమంగా నశించే వ్యాధి. కంటి పీడనం పెరగడం దీనికి ముఖ్య కారణమైనా, పీడనం మామూలుగా ఉన్నవారికీ రావచ్చు, ఎక్కువగా ఉన్నవారికి రాకపోవచ్చు. సాధారణ రకంలో నొప్పి ఉండదు, మధ్య చూపు చివరి వరకు నిలుస్తుంది. పోయిన చూపు తిరిగి రాదు. పీడనం, కార్నియా మందం, గోనియోస్కోపీ, నాడి పరిశీలన, దృష్టి క్షేత్రం, ఓ.సి.టి. ఫలితాలను కలిపి చదివి వ్యాధిని నిర్ధారించాలి. 40 ఏళ్లు దాటినవారు, రోగుల తోడబుట్టినవారు, స్టిరాయిడ్లు వాడేవారు బాధ లేకపోయినా పూర్తి కంటి పరీక్ష చేయించుకోవాలి.

11.10 కీలక పదాలు

నేత్రోదకం: కార్నియాకు, కటకానికి మధ్య ప్రసరించే పలుచని ద్రవం.
కోణం: కార్నియా, ఐరిస్ కలిసే మూల. నేత్రోదకం బయటకు పోయే చోటు.
దృక్ నాడి శీర్షం: దృక్ నాడి కంటిని దాటే గుండ్రని చోటు.
టోనోమీటరు: కంటి పీడనాన్ని కొలిచే సాధనం.
గోనియోస్కోపీ: ప్రత్యేక కటకంతో కోణాన్ని చూసే పరీక్ష.
పెరిమెట్రీ: దృష్టి క్షేత్రాన్ని కొలిచే పరీక్ష.

11.11 మీ ప్రగతిని సమీక్షించుకోండి – సమాధానాలు

1. సిలియరీ భాగంలో తయారవుతుంది. కోణంలోని జల్లెడ వంటి కణజాలం గుండా ఎక్కువ భాగం బయటకు పోతుంది.
2. ఉండవచ్చు. చూపు పటం మధ్య చూపును మాత్రమే కొలుస్తుంది. గ్లాకోమా చుట్టూ ఉన్న చూపుతో మొదలవుతుంది.
3. అసలు పీడనంకంటె తక్కువగా కనిపిస్తుంది.
4. యాంగిల్ క్లోజర్ గ్లాకోమాను ఓపెన్ యాంగిల్‌గా పొరబడి, అవసరమైన లేజర్ చికిత్స చేయకపోవడం.
5. పైవైపు కనిపిస్తుంది.

11.12 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. గ్లాకోమా నిర్ధారణలో వాడే పరీక్షలను, వాటి పరిమితులను వివరించండి.
2. ‘గ్లాకోమా పీడనానికి సంబంధించిన వ్యాధే గాని, పీడనమే వ్యాధి కాదు.’ ఉదాహరణలతో చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. గ్లాకోమా రోగికి చాలాకాలం లక్షణాలు తెలియకపోవడానికి కారణాలు ఏమిటి?
2. కోణం హఠాత్తుగా మూసుకుపోయినప్పుడు కనిపించే లక్షణాలు రాయండి.
3. దృష్టి క్షేత్ర పరీక్షకు ముందు రోగికి ఏ సూచనలు ఇవ్వాలి?
4. మీ గ్రామంలో ఒక గ్లాకోమా రోగిని గుర్తించారు. ఆ కుటుంబానికి మీరు ఇచ్చే సలహాలు ఏమిటి?